పుస్తకాలు పంచి, పత్రికలపై పన్ను వేసిన హ్యూయీ లాంగ్

పెద్దలపై పేదల కోపాన్ని అధికారంగా మార్చుకున్న అమెరికా నేతల్లో హ్యూయీ లాంగ్‌ది ప్రత్యేక స్థానం. 1893లో లూసియానాలోని విన్‌ఫీల్డ్‌లో పుట్టారు. ఊరూరా తిరిగి సరుకులు అమ్మారు. పల్లె జనంతో మాట కలపడం అక్కడే అబ్బి ఉంటుంది. తర్వాత లాయరై, 1928లో గవర్నర్ అయ్యారు.

అప్పటిదాకా న్యూ ఆర్లీన్స్ నాయకులు, తోటల యజమానులు, స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ మాటే అక్కడ చెల్లేది. లాంగ్ బడి పిల్లలకు పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇచ్చారు. బురద దారుల్లో రోడ్లు, వంతెనలు వేయించారు. 1929లో శుద్ధి చేసే ప్రతి బ్యారెల్ చమురుపై 5 సెంట్ల పన్ను ప్రతిపాదించగానే దిగువ సభ అభిశంసించింది. దోషిగా తేల్చాలంటే రాష్ట్ర సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 15 మంది సభ్యులు తాము ఆ ఓటు వేయబోమని ముందే సంతకాలు చేయడంతో గట్టెక్కారు.

పేదలకు ఆయన చేసిన మేలు బూటకం కాదు. కానీ ప్రభుత్వ ఉద్యోగుల జీతాల్లో కోత వేసి తన రాజకీయ నిధికి మళ్లించుకున్నదీ ఆయనే. 1932లో సెనేటర్‌గా వాషింగ్టన్ వెళ్లినా, గవర్నర్ కుర్చీలో తన మనిషినే కూర్చోబెట్టి రాష్ట్రాన్ని నడిపారు. 1934లో ఒకవైపు దేశ సంపదను పంచాలంటూ ఉద్యమం మొదలుపెట్టారు. మరోవైపు తనను విమర్శించే పెద్ద పత్రికల ప్రకటనల ఆదాయంపై 2 శాతం పన్ను వేయించారు.

1935 సెప్టెంబర్ 8న, తాను కట్టించిన శాసనసభ భవనంలోనే ఆయనపై కాల్పులు జరిగాయి. రెండు రోజులకు మరణించారు. పత్రికల పన్నును సుప్రీంకోర్టు మరుసటి ఏడాది కొట్టేసింది.