పారిస్ వీధుల్ని దాచిపెట్టిన యూజెన్ అట్జే

మా తాతయ్యకి చింతాద్రిపేటలో ఒక చిన్న దారాల కొట్టు ఉండేది. పైన బోర్డు మీద తెలుగులో పేరు, దాని కింద తమిళంలో. అమ్మది తమిళం, నాన్నది తెలుగు, నేను బడిలో చదివింది తమిళం. అందుకే నేను కూడబలుక్కుని చదివిన మొదటి తెలుగు అక్షరాలు ఆ బోర్డు మీదివే. మూడేళ్ల కిందట ఆ కట్టడం కూల్చేశారు. మా ఇంట్లో మూడు పెళ్లి ఆల్బమ్‌లు ఉన్నాయి గానీ కొట్టు ఫోటో ఒక్కటీ లేదు. రోజూ చూసేదాన్ని ఎవరైనా ఫోటో తీస్తారా అన్నారు నాన్న. అలా రోజూ కనిపించేవాటినే ముప్పై ఏళ్లకు పైగా తీసిన మనిషి ఒకరున్నారని ఆ తర్వాత ఒక పుస్తకంలో చూశాను. ఈసారి గోడపత్రికకి ఆయన గురించే రాస్తున్నాను.

యూజెన్ అట్జే 1857 ఫిబ్రవరి 12న ఫ్రాన్స్‌లో, బోర్డో నగరానికి దగ్గర్లో ఉన్న లిబూర్న్ అనే ఊళ్లో పుట్టారు. చిన్నతనంలోనే అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. అమ్మమ్మ, తాతయ్య పెంచారు. చదువు అయ్యాక కొంతకాలం ఓడల్లో పనిచేశారు. కానీ మనసంతా నాటకాల మీదే. 1878లో నటుడవుదామని పారిస్ చేరారు. నాటక విద్యాలయం ప్రవేశ పరీక్ష మొదటిసారి తప్పారు. మరుసటి ఏడు మళ్లీ రాసి సీటు తెచ్చుకున్నారు. అయితే అప్పట్లో సైన్యంలో పనిచేయడం తప్పనిసరి. అటు సైన్యం, ఇటు చదువు, రెండూ నడవలేదు. 1881లో విద్యాలయం నుంచి బయటికి పంపేశారు.

తర్వాత ఊరూరా తిరిగే నాటక సమాజంలో చిన్న చిన్న వేషాలు వేశారు. అక్కడే వాలెంటీన్ అనే నటి పరిచయమైంది. ఆమె వయసులో ఆయనకంటే పదేళ్లు పెద్దది. ఇక చివరిదాకా ఇద్దరూ కలిసే బతికారు. 1887 ప్రాంతంలో అట్జేకి గొంతు జబ్బు చేసింది. స్వరం పోతే నటుడికి ఇంకేం మిగులుతుంది? నాటకాలు మానేయాల్సి వచ్చింది. బొమ్మలు వేయడం మొదలుపెట్టారు, అదీ అన్నం పెట్టలేదు. అప్పుడు పట్టుకున్నారు కెమెరాని. ముప్పై ఏళ్లు దాటాక, రెండు పనులు పోయాక చేతికొచ్చిన మూడో పని అన్నమాట.

1890 ప్రాంతంలో పారిస్‌లో స్థిరపడి చిన్న వ్యాపారం పెట్టుకున్నారు. కళాకారులకు కావలసిన డాక్యుమెంట్లు ఇక్కడ దొరుకుతాయి అనే అర్థం వచ్చే బోర్డు తలుపుకి తగిలించారు. చిత్రకారులకి చెట్లు, ఆకులు, బండ్లు, మేడమెట్లు ఎలా ఉంటాయో చూసుకుని గీసుకోవడానికి ఫోటోలు కావాలి. అవి తీసి అమ్మేవారు. తనని తాను కళాకారుడని ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. డాక్యుమెంటు అనే మాటే చివరిదాకా వాడారు.

1897 ప్రాంతం నుంచి ఆయన దృష్టి పాత పారిస్ మీదికి మళ్లింది. దీనికి కారణం ఉంది. 1853 నుంచి 1870 దాకా మూడో నెపోలియన్ పాలనలో ఓస్మాన్ అనే అధికారి పారిస్‌ని చాలావరకు పడగొట్టి కొత్తగా కట్టించాడు. ఇరుకు సందులు పోయి వెడల్పాటి రోడ్లు వచ్చాయి. ఒకే ఎత్తు మేడలు వరసగా లేచాయి. ఊరు బాగుపడిందని కొందరు సంతోషించారు, ఊరే పోయిందని కొందరు ఏడ్చారు. మిగిలిన పాత పేటలు కూడా ఎప్పుడు పోతాయో తెలీదు. దాంతో వాటి ఆనవాళ్లు సేకరించే లైబ్రరీలు, మ్యూజియమ్‌లు పెరిగాయి. అట్జేకి గిరాకీ దొరికింది. గిరాకీతో పాటు జీవితకాలం సరిపడా పని కూడా దొరికింది.

ఆయన కెమెరా సంగతి చెప్పాలి. చేతిలో పట్టుకునేది కాదు అది. ముందుకీ వెనక్కీ సాగే తోలుతిత్తి ఉన్న చెక్కపెట్టె, మూడు కాళ్ల స్టాండు, తల మీద కప్పుకునే నల్లగుడ్డ. ఫిల్ము రోలు లేదు. 18 సెంటీమీటర్లు వెడల్పు, 24 సెంటీమీటర్లు పొడవు ఉన్న గాజు పలకలు వాడేవారు. ఒక్కో ఫోటోకి ఒక్కో పలక. ఇదంతా భుజానికెత్తుకుని తెల్లవారుతూనే బయల్దేరేవారు. ఇంటికొచ్చాక పలక కింద కాగితం పెట్టి ఎండకి చూపిస్తే బొమ్మ దిగేది. పలక ఎంత ఉంటే ఫోటో అంతే ఉంటుంది. పెద్దది చేయడం, చిన్నది చేయడం లేదు. అప్పటికే తేలికపాటి చిన్న కెమెరాలు వచ్చాయి. అయినా ఆయన పాతదాన్ని వదల్లేదు.

ఆ కెమెరా ఫోటో తీయడానికి సమయం పట్టేది. ఆ లోపల ఎవరైనా నడిచి వెళితే వాళ్లు ఫోటోలో పొగలాగా పడతారు. కుక్క తోక ఆడిస్తే తోక మాయం. అందుకనే ఆయన వీధులు చాలావరకు మనుషులు లేకుండా కనిపిస్తాయి. తడిసిన రాళ్లు, మూసిన తలుపులు, మలుపు దగ్గర పొద్దుటి మంచు. చూస్తుంటే ఎవరో ఇప్పుడే లోపలికి వెళ్లినట్టు ఉంటుంది. కొన్ని ఫోటోల్లో పైమూలలు నల్లగా గుండ్రంగా ఉంటాయి. ఎత్తు కట్టడం మొత్తం పట్టాలని లెన్సుని పైకి జరిపినప్పుడు అలా వచ్చేది. అందానికి ఆ మూలలు కత్తిరించాలని ఆయనకి అనిపించలేదు.

ఏం తీశారు అంటే, మనం రోజూ దాటిపోయేవన్నీ తీశారు. మొదట్లో వీధుల్లో తిరిగి బతికేవాళ్లని తీశారు. గొడుగులమ్మేవాడు, దీపాల తొడుగులమ్మేవాడు, పెట్టె తిప్పి పాట వినిపించే ముసలాయన, పక్కన నవ్వుతూ పాడే చిన్నమ్మాయి. తర్వాత కొట్ల గుమ్మాలు, ఇనుప కమ్ములు, వేలాడే బోర్డులు, తలుపు తట్టే కడియాలు, మెట్ల వరసలు, పెరటి నూతులు. 1910 ప్రాంతంలో ఇళ్ల లోపలి గదులు తీసి ఒక ఆల్బమ్ చేశారు. పెద్దింటి గది నుంచి కూలివాళ్ల గది దాకా ఉన్నాయి అందులో. కొన్ని ఆయన సొంత గదులే. పేరు మాత్రం పెట్టలేదు. ఊరి పొలిమేరలో చెత్త ఏరుకుని బతికేవాళ్ల గుడిసెలు కూడా 1912, 1913 ప్రాంతంలో తీశారు. ఈఫిల్ టవర్ 1889లోనే కట్టారు కదా, పారిస్ అంటే అదే కదా అనుకుంటాం. ఆయన దాన్ని పట్టించుకోనేలేదు.

తీసిన ప్రతి పలక మీద నంబరు వేసేవారు. ఫోటో వెనక వీధి పేరు, ఇంటి నంబరు రాసేవారు. వీధులు ఒక వరస, తోటలు ఒక వరస, మనుషులు ఒక వరస. లైబ్రరీవాళ్లు వచ్చి ఫలానా వీధి కావాలంటే తీసి ఇచ్చేలా సర్ది పెట్టుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది ముఖ్యంగా ఇక్కడే. ఫోటో తీయడం సగం పనే. ఎక్కడిదో రాసిపెట్టకపోతే పదేళ్లకి అది ఏ గోడో ఎవరికీ తెలీదు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. వ్యాపారం ఆగిపోయింది. గాజు పలకలు పగిలిపోతాయని నేలమాళిగలో దాచారు. వాలెంటీన్ కొడుకు లియోన్ ఆ యుద్ధంలోనే చనిపోయాడు. యుద్ధం ముగిసేసరికి అట్జేకి అరవై దాటాయి. వారసులు లేరు. తన పలకలు విలువ తెలియనివాళ్ల చేతుల్లో పడతాయేమోనని బెంగ పట్టుకుంది. 1920లో ప్రభుత్వ కళాశాఖ అధికారికి ఉత్తరం రాశారు. పాత పారిస్ అంతా తన దగ్గర ఉందని, తను పోయాక ఏమవుతుందోనని అందులో చెప్పుకున్నారు. ప్రభుత్వం 2,621 పలకల్ని 10,000 ఫ్రాంకులకి కొన్నది.

మనలో ఎవరైనా అయితే ఆ డబ్బుతో కూర్చుని తిందుమేమో. ఆయన మళ్లీ కెమెరా ఎత్తుకున్నారు. ఈసారి అమ్మకం గురించి పెద్దగా ఆలోచించకుండా తనకి నచ్చినవి తీశారు. వెర్సాయ్, సాన్ క్లూ తోటల్లో చెరువులు, చెట్ల వేళ్లు, ఒంటరి విగ్రహాలు. కొట్ల అద్దాల వెనక బట్టలు తొడిగిన బొమ్మలు, ఆ అద్దం మీద ఎదురుగా ఉన్న మేడల నీడ. ఏది లోపలిదో ఏది బయటిదో తెలియకుండా ఉంటాయి ఆ ఫోటోలు. ఆయన తీసినవాటిలో అందరికంటే ఎక్కువమందికి నచ్చేవి అరవై దాటాక తీసినవే.

అట్జే ఉన్న వీధిలోనే మాన్ రే అనే అమెరికన్ చిత్రకారుడు, ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. ఈ ముసలాయన ఫోటోలు కొన్ని కొన్నాడు. 1926లో అప్పటి కొత్త తరం కళాకారుల పత్రికలో వేశారు. ముఖచిత్రంగా వేసిన ఫోటోలో జనం గుంపుగా నిలబడి తలలెత్తి సూర్యగ్రహణం చూస్తున్నారు. 1912 నాటిది అది. ఆకాశం మాత్రం ఫోటోలో లేదు, చూసేవాళ్లే ఉన్నారు. తన పేరు వేయవద్దని అట్జే కోరారు. అవి డాక్యుమెంట్లు మాత్రమేనని ఆయన ఉద్దేశం. అదే ఏడాది వాలెంటీన్ కన్నుమూసింది.

ఇక్కడ కథలోకి ఒక అమ్మాయి వస్తుంది. బెరెనీస్ ఆబట్. అమెరికాలోని ఒహాయో నుంచి పారిస్ వచ్చి, మాన్ రే దగ్గర సహాయకురాలిగా ఫోటోలు కడగడం నేర్చుకుంది. అక్కడే అట్జే ఫోటోలు చూసి ఆశ్చర్యపోయి, నేరుగా ఆయన ఇంటికే వెళ్లింది. తర్వాత తను సొంతంగా స్టూడియో పెట్టుకున్నాక, 1927లో ఆయన్ని పిలిచి ఫోటో తీసింది. రోజూ వేసుకునే పాత బట్టల్లో వస్తారనుకుంది. ఆయనేమో మంచి కోటు తొడుక్కుని వచ్చారు. ఆ ఫోటోలు చూపిద్దామని ఇంటికి తీసుకెళ్లేసరికి ఆయన లేరు. 1927 ఆగస్టు 4న పోయారు. వయసు 70.

ఊరంతటికీ ఫోటోలు తీసిన ఆయన ముఖం ఈరోజు మనకి తెలుసంటే ముఖ్యంగా ఆ అమ్మాయి వల్లే.

ఆబట్ అంతటితో ఊరుకోలేదు. మిగిలిన పలకలు, ఫోటోలు ఆయన స్నేహితుడు కాల్మెట్ చేతిలో ఉన్నాయని తెలుసుకుని, 1928లో ఒక స్నేహితుడి సాయంతో కొన్నది. వెయ్యికి పైగా గాజు పలకలు, వేల ఫోటోలు. ఓడలో న్యూయార్క్ తీసుకెళ్లింది. నలభై ఏళ్లు కాపాడింది. పుస్తకాలు వేసింది. 1968లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియమ్ వాటిని కొన్నది. అట్జే దగ్గర చూసి నేర్చుకున్న పనిని ఆమె తన ఊళ్లో కూడా చేసింది. న్యూయార్క్‌లో పాత కట్టడాలు పోయి ఆకాశహర్మ్యాలు లేస్తున్న రోజుల్లో, 1930ల్లో, ఆ వీధులన్నీ తిరిగి ఫోటోలు తీసింది. మారుతున్న న్యూయార్క్ అనే అర్థం వచ్చే పేరుతో 1939లో ఆ పుస్తకం వచ్చింది.

అట్జే మొత్తం 8,000కు పైగా పలకలు తీశారు. పలకలు పారిస్‌లో కొన్ని, న్యూయార్క్‌లో కొన్ని ఉన్నాయి. ఆయన తీసిన వీధుల్లో చాలా ఇప్పుడు లేవు. ఆ వీధుల్లో ఉన్నవాళ్ల మనవలు, మునిమనవలు తమ కొట్టు ఎలా ఉండేదో వెళ్లి చూసుకోవచ్చు. నాకా అదృష్టం లేదు.

ఆబట్ గురించి చదివాక నాకు తట్టింది ఒకటే. తాతయ్య కొట్టు పోయింది, పక్క సందులో ఇంకా కొన్ని ఉన్నాయి. సంక్రాంతి సెలవుల నుంచి ఆదివారం పొద్దున్న ఆరింటికి, కొట్లు తెరవకముందే వెళ్లి ఫోన్‌తో తెలుగు బోర్డులు తీస్తున్నాను. మొదటి వారం ఒక కొట్టాయన ఎందుకమ్మా అని కసురుకున్నారు. తాతయ్య పేరు చెప్పగానే టీ తెప్పించి, తన బోర్డు ఎవరు రాశారో అరగంట చెప్పారు. అదీ రాసుకున్నాను. ఇప్పటికి 23 బోర్డులు అయ్యాయి. ఒక్కోదానికీ నంబరు, వీధి, తేదీ రాసి నోట్‌బుక్కులో పెట్టాను. రెండు బోర్డులు అప్పుడే దించేశారు.

ఫస్టియర్ చెల్లెళ్లూ, థర్డియర్ అక్కలూ, మీ వీధిలో తెలుగు బోర్డు ఉన్న కొట్టు, అరుగు ఉన్న ఇల్లు, చెక్కు చెదరని పాత తలుపు ఏదైనా ఉంటే తీసి పట్టుకురండి. వెనక చిరునామా, తేదీ మాత్రం మరిచిపోవద్దు. నోట్‌బుక్కు డిపార్ట్‌మెంట్ బీరువాలో రెండో అరలో ఉంచుతానని మేడమ్‌గారికి చెప్పాను. నంబరు 24 నుంచి ఖాళీగా ఉంది.