నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా సాహెబ్

పెండ్లి పందిటిలో సన్నాయి మ్రోగగానే మన మనస్సులు శుభకార్యం మీదికి పోతాయి. ఆ వాద్యానికి ప్రాణం పోస్తున్న విద్వాంసుని వైపు చూచేవారు అరుదు. తెలుగునాట తరతరాలుగా దేవాలయాలలో ఈ విద్యను పోషించిన ముస్లిం కుటుంబాలు ఉన్నవని మనలో ఎందరికి తెలుసు? అట్టి కుటుంబంలో జన్మించిన మహనీయులు షేక్ చిన మౌలానా సాహెబ్.

ఆయన 1924లో ఒంగోలు సమీపాన గల కరవది గ్రామంలో జన్మించారు. తొలి గురువు తండ్రి కాసిం సాహెబ్. పిమ్మట చిలకలూరిపేటకు చెందిన ఆదం సాహెబ్ వద్ద శిక్షణ పొందారు.

ఈ వాద్యం ఎంత కఠినమైనదో ఇక్కడ చెప్పుకోవాలి. వేణువులో ఊపిరి రంధ్రపు అంచును తాకి నాదమౌతుంది. క్లారినెట్‌లో ఒకే పీక, కదలని మూతిపై కంపిస్తుంది. నాదస్వరంలోనో, రెల్లుజాతి కాడతో చేసిన జీవాళి రెండు రేకులు ఒకదానినొకటి తాకుతూ కంపిస్తాయి. షెహనాయి, పాశ్చాత్యుల ఓబో కూడా ఈ జాతివే. జీవాళి కొన నుండి క్రిందికి పోనుపోను వెడల్పయ్యే కొయ్యగొట్టం ఆ ధ్వనిని దూరానికి పంపుతుంది. వ్రేళ్ళకు ఉన్నవి ఏడే రంధ్రాలు. వాటి నడుమనున్న సూక్ష్మస్వరాలను, గమకాలను పెదవి బిగింపుతో, ఊపిరి ఒత్తిడితో విద్వాంసుడే సృష్టించుకోవాలి. ఊపిరి ఏమాత్రం సడలినా శ్రుతి తప్పుతుంది. ఇరుకైన ఆ రేకుల సందున గాలిని నిలిపి నడపటం ఏళ్ళ తరబడి సాగించవలసిన సాధన.

ఆ సాధనకు మౌలానా సాహెబ్ హద్దు పెట్టుకోలేదు. టి.ఎన్. రాజరత్నం పిళ్ళై నాదస్వరం ఆయనను ముగ్ధుని చేసింది. తాను నేర్చినది చాలునని ఊరకుండక, తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణులకు శిష్యులైనారు. భాష వేరు, బాణీ వేరు. అయినను రాగాలాపనలో ఆ బాణీని తమిళ రసికులే మెచ్చునంతగా సొంతం చేసుకున్నారు.

1960ల దశకంలో శ్రీరంగంలో స్థిరపడ్డారు. తన మతాన్ని విడువక, రంగనాథుని సన్నిధిలో నాదార్చన చేశారు. ఈ రెండింటి నడుమ ఆయనకు వైరుధ్యం కనిపించలేదు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదం ఆయనను వరించాయి. శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని స్థాపించి శిష్యులకు విద్య నేర్పారు. 1999లో పరమపదించారు. మనుమలు కాసిం, బాబు ఆ బాణీని కొనసాగించారు.

ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాలకు ఇంతకన్న దగ్గరి జీవితం ఏముంటుంది? ఈసారి పందిటిలో సన్నాయి వినిపించినపుడు, క్షణకాలం మాటలు చాలించి విందాము. ఆ నాదం వెనుక ఒకరి ఊపిరి ఉన్నది.