నౌకరుగా చేరి ఆచార్యుడైన రామస్

కిందటేడు వక్తృత్వ పోటీకి పేరిచ్చి, స్టేజీ ఎక్కి, మూడో వాక్యం దగ్గర ఆగిపోయినవాణ్ణి నేను. సంగతులు తెలియక కాదు, ఏది ముందు చెప్పాలో ఏది వెనక చెప్పాలో తేలక. ఆ అవమానంతోనే లైబ్రరీలో వెతకడం మొదలుపెట్టాను. అక్కడ దొరికాడు, ఈ చిక్కుతోనే జీవితమంతా పెనుగులాడిన ఒక ఫ్రెంచి ఆచార్యుడు. పేరు పియేర్ ద లా రమే. లాటిన్‌లో పీటర్ రామస్. సైన్సు చదివేవాడికి వక్తృత్వంతో ఏం పని అనే మిత్రులు కాస్త ఓపిక పట్టాలి. ఈయన కథ చివరికి లెక్కల దగ్గరే తేలుతుంది.

రామస్ 1515లో ఉత్తర ఫ్రాన్సులోని పికార్డీ ప్రాంతంలో ఒక చిన్న పల్లెలో పుట్టాడు. వంశం ఒకప్పుడు గొప్పదేనట. యుద్ధంలో లియేజ్ నగరం నాశనమైతే ఉన్నది పోగొట్టుకుని వలస వచ్చారు. తాత బొగ్గులు కాల్చి బతికాడు, తండ్రి సేద్యం చేశాడు. చదువు పిచ్చితో పారిస్ చేరిన కుర్రవాణ్ణి కొంతకాలం మేనమామ ఆదుకున్నాడు. తర్వాత నవార్ కాలేజీలో ఒక డబ్బున్న విద్యార్థి దగ్గర నౌకరుగా కుదిరాడు. పగలు చాకిరీ, రాత్రి చదువు. వేరుసెనగ పీకుళ్లప్పుడు బడి ఎగ్గొట్టి, ఆ పాఠాలన్నీ రాత్రిళ్లు పక్కవాడి నోట్సు చూసి రాసుకున్న నాకు, ఇక్కడికి వచ్చేసరికి ఈయన మా ఊరివాడే అనిపించాడు.

ఆ రోజుల్లో యూరప్‌లో వక్తృత్వశాస్త్రం అంటే కాలక్షేపం కాదు. కోర్టులో వాదించాలన్నా, చర్చిలో ప్రబోధించాలన్నా, రాజుగారి కొలువులో లేఖలు రాయాలన్నా అదే దారి. సిసిరో, క్వింటిలియన్ అనే రోమన్ల గ్రంథాలు దానికి ఆధారం. అందులో అయిదు అంగాలు: చెప్పవలసిన సంగతుల్ని వెతకడం, వాటిని వరసలో పెట్టడం, మాటల సొగసు, జ్ఞాపకం ఉంచుకోవడం, సభలో పలికే తీరు. వీటిలో మొదటి రెండూ తర్కశాస్త్రం క్లాసులో కూడా చెప్పేవారు. అంటే ఒకే పాఠం రెండుచోట్ల, రెండు పేర్లతో. ఏళ్ల తరబడి తర్కం చదివినా అది దేనికి పనికొస్తుందో తనకు తెలియలేదని రామస్ తర్వాత బాధపడ్డాడు. నౌకరీ చేసి చదివినవాడికి వృథాగా పోయిన సంవత్సరం విలువ తెలుస్తుంది.

1536లో పట్టా తీసుకున్నాడు. అరిస్టాటిల్ చెప్పినదంతా అబద్ధమని ఆనాటి వాదసభలో నిలబెట్టాడని ఒక కథ ఉంది గాని, చరిత్రకారులు దాన్ని పూర్తిగా నమ్మరు. 1543లో అరిస్టాటిల్ తర్కాన్ని విమర్శిస్తూ ఒకటి, తన పద్ధతి వివరిస్తూ ఒకటి, రెండు పుస్తకాలు అచ్చువేశాడు. విశ్వవిద్యాలయం భగ్గుమంది. విచారణ జరిగింది. 1544లో ఫ్రాన్సిస్ రాజు ఆ పుస్తకాలను నిషేధించి, రామస్ ఇక తత్త్వశాస్త్రం బోధించరాదని ఆజ్ఞాపించాడు. అప్పటికి ఆయనకు ముప్పయ్యేళ్లు కూడా లేవు.

తత్త్వం వద్దన్నారు గాని వక్తృత్వం, గణితం వద్దనలేదు కదా! ఆయన అటు తిరిగాడు. 1545లో యూక్లిడ్ పుస్తకాన్ని లాటిన్‌లో వేయించాడు. ప్రెల్ కాలేజీలో చేరి, మిత్రుడు ఒమేర్ తలోన్‌తో కలిసి పాఠాలు మొదలెట్టాడు. వాళ్ల పద్ధతి చాలా సూటి. సంగతిని వెతకడం, వరసలో పెట్టడం పూర్తిగా తర్కానికి ఇచ్చేశారు. వక్తృత్వానికి మిగిలింది సొగసు, పలికే తీరు. జ్ఞాపకానికి వేరే పాఠం అక్కరలేదు, సరైన వరసలో ఉన్నది దానంతటదే గుర్తుంటుందన్నారు. తలోన్ పేరుతో 1548లో వచ్చిన వక్తృత్వ గ్రంథం ఈ పద్ధతిదే. 1549లో రామస్ నేరుగా క్వింటిలియన్ మీదే దాడి చేశాడు. మంచివాడే మంచి వక్త అని ఆ రోమన్ అంటే, మంచితనం గొప్పదే గాని అది ఈ విద్యలో భాగం కాదన్నాడు రామస్.

1547లో ఫ్రాన్సిస్ పోయాక, లొరేన్ కార్డినల్ అండతో నిషేధం తొలగింది. 1551లో రామస్ రాజాచార్యుడయ్యాడు. 1555లో తర్కశాస్త్రాన్ని ఫ్రెంచిలో రాశాడు. లాటిన్ రాకపోతే చదువే లేదనుకునే కాలంలో అది చిన్న సంగతి కాదు.

నాకు ఒక చోట మాత్రం ఆయనతో పేచీ ఉంది. ఒక విషయాన్ని రెండుగా, మళ్లీ ఒక్కోదాన్ని రెండుగా చీల్చి పట్టికలు గీయడం ఆయన శిష్యులకు అలవాటైంది. పరీక్షకు అది అమృతమే. కాని ఎదురుగా కూర్చున్న మనిషి ఏమనుకుంటున్నాడో పట్టికలో దొరకదు. మా ఊళ్లో నీళ్ల వంతు తగాదా తీర్చే పెద్దమనిషి సంగతిని, సొగసుని, సభని వేరుచేసి ఆలోచించడు. వక్తృత్వాన్ని ఒట్టి అలంకారంగా మిగిల్చిన నింద కొంతవరకు రామస్‌కి చెందుతుందనే అనుకుంటున్నాను. అయినా స్టేజీ మీద ఆ మూడో వాక్యం దగ్గర నాకు కావలసింది ఆయన చెప్పిన వరసే.

1561 ప్రాంతంలో ఆయన ప్రొటెస్టెంటు మతం వైపు మొగ్గాడు. దేశంలో మతయుద్ధాలు మొదలయ్యాయి. శత్రువులు పెరిగారు. 1566లో షార్పాంతియే అనే పాత ప్రత్యర్థి గణితం ఆచార్యపదవిలోకి వచ్చాడు. గణితం రాకుండానే! పదవికి ముందు అందరి ఎదుట పరీక్ష పెట్టాలని రామస్ న్యాయస్థానం దాకా వెళ్లాడు. షార్పాంతియే మాత్రం కుర్చీ వదలలేదు. 1568లో రామస్ వీలునామా రాసి, తన ఆదాయం నుంచి ఏటా 500 లివ్రులు ఒక గణిత పీఠానికి కేటాయించాడు. మూడేళ్లకోసారి బహిరంగ పోటీ, గెలిచినవాడికే కుర్చీ. తర్వాత జర్మనీ, స్విట్జర్లాండ్ తిరిగి 1570లో పారిస్‌కి వచ్చేశాడు. అక్కడే ఉండిపోతే బతికేవాడు.

1572 ఆగస్టులో సెయింట్ బార్తలోమ్యూ మారణకాండ మొదలైంది. మూడో రోజున, 26న, ప్రెల్ కాలేజీలో తన గదిలో ఉన్న రామస్‌ని హంతకులు పొడిచి, కిటికీలోంచి కిందికి పడేశారు. శవాన్ని వీధుల్లో ఈడ్చుకెళ్లి సెయిన్ నదిలో వేశారు. షార్పాంతియే చేయించాడని చాలామంది అన్నారు గాని రుజువు కాలేదు.

వీలునామా మాత్రం నిలిచింది. 1634లో ఆ పోటీ గెలిచినవాడు రోబెర్వాల్, ఆయనా రైతుబిడ్డే. 1675లో చనిపోయేదాకా, నలభై ఏళ్లు, ప్రతి మూడేళ్లకూ గెలుస్తూ కుర్చీ నిలబెట్టుకున్నాడు. పోటీలో ప్రశ్నలుగా వాడుకోవడానికి తను కనిపెట్టినవి అచ్చువేయకుండా దాచుకున్నాడంటారు. అందువల్ల వాటిలో కొన్నింటి ఘనత టోరిచెల్లీ వంటివాళ్లకు పోయింది.