కానరాని కిరణమునకు కొలత: రోల్ఫ్ సీవర్ట్

తూకము తెలియక మందిచ్చు వైద్యుని ఎవరును నమ్మరు. కాని ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో ఎక్స్‌కిరణ చికిత్స యించుమించుగా నట్లే సాగెను. రోగి చర్మము ఎఱ్ఱబాఱుటయే పెక్కుచోట్ల కొలత. ఒక యంత్రమునకును మఱియొకదానికిని పొత్తు కుదురకుండెను. కిరణము తక్కువైనచో రోగము కుదురదు. ఎక్కువైనచో ఒడలు కాలును. ఈ అవ్యవస్థకు హద్దు లేర్పఱచినవారిలో స్వీడన్ దేశీయుడు రోల్ఫ్ సీవర్ట్ అగ్రగణ్యుడు.

రాంట్‌జన్ ఎక్స్‌కిరణములను కనుగొన్నది 1895లో. మఱుసటి యేడు మే 6వ తేదీన సీవర్ట్ స్టాక్‌హోమ్ నగరమున జన్మించెను. తండ్రి విద్యుత్తీగల కర్మాగారమునకు అధిపతి. కుమారునకు మాత్రము వ్యాపార లాభములను లెక్కించుటకంటె కిరణములను లెక్కించుటయే ప్రియమయ్యెను. 1924లో ఆయన రేడియంహెమ్మెట్ అను కాన్సరు చికిత్సాలయమున భౌతిక ప్రయోగశాలకు అధిపతి యయ్యెను.

ఆయన రూపొందించిన కొలత పరికరము మిక్కిలి చిన్నది. బోలుగా నుండు దానికి ముందుగా విద్యుత్తు నెక్కింతురు. కిరణములు సోకగానే లోని గాలి విద్యుద్వాహకమై, ఆ విద్యుత్తు కొంత తరుగును. తరుగును బట్టి సోకిన కిరణ మెంతయో తెలియును. కొలుచునపుడు తీగలతో పని లేదు గనుక రోగి శరీరము చెంతనే దాని నుంచవచ్చును.

ఒక ప్రయోగశాలలో కొలత కుదిరినంతమాత్రమున దేశమునకు మేలు కలుగదు. అందుచేత ఆయన స్వీడన్ ఆసుపత్రులలోని యంత్రములను ఒకే ప్రమాణముతో సరిచూచు పద్ధతిని నెలకొల్పెను. యంత్రము వెలువరించు కిరణ మెంత, అది ఒడలిలో ఎంత లోతునకు చొచ్చును, పనివారిపై ఎంత పడుచున్నది అను ప్రశ్నలకు అంకెలలో సమాధానము కావలసి వచ్చెను. 1928లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభ రాంట్‌జన్ అను ప్రమాణమును అంగీకరించి, కిరణ రక్షణ సంఘమును స్థాపించెను. ఆ సంఘ స్థాపనలో సీవర్ట్ ప్రముఖుడు. 1941లో స్వీడన్‌లో కిరణ రక్షణ చట్టము వెలసెను.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో హాంబర్గు నగరమున 1936లో ఆవిష్కృతమైన స్మారకశిల చెప్పును. కిరణములతో పనిచేసి ప్రాణములు కోల్పోయిన 169 మంది పేర్లు దానిపై నాడు చెక్కబడి యుండెను. వారిలో పెక్కురు పరులను బ్రతికింపబూనిన వైద్యులే.

సీవర్ట్ 1966 అక్టోబరు 3న కన్నుమూసెను. 1979లో శరీరమునకు కిరణముల వలన కలుగు హానిని లెక్కించు అంతర్జాతీయ ప్రమాణమునకు ఆయన పేరిడిరి. నేడు ఛాతీ ఎక్స్‌రే తీయించుకొను రోగికి సోకు కిరణము సాధారణముగా ఒక మిల్లీసీవర్టులో పదవ వంతునకు మించదు. ఆ రోగి సీవర్ట్ పేరు విని యుండకపోవచ్చును. ఆయన కొలత మాత్రము అతనిని కాపాడుచునే యున్నది.