తెనాలి చక్రపాణి, నా మసక బొమ్మ

పోయిన సంచికలో ఒక బొమ్మ మసకగా వచ్చింది, గుర్తుందా? ఆ తప్పు నాదే. రేపల్లెలో మా అమ్మమ్మ దాచుకున్న పాత చందమామ అట్టని ఫోన్‌తో ఫోటో తీసి, వాట్సాప్‌లో నాకు నేనే పంపుకుని, దాన్నే మన పత్రిక ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌కి తగిలించేశాను. ఫోన్‌లో బాగానే కనిపించింది. ప్రింట్ తీశాక చూస్తే, మూలన ఉన్న వడ్డాది పాపయ్య గారి వ.పా. సంతకం మొత్తం అలుక్కుపోయింది. ఆ కాపీ అమ్మమ్మకి ఇస్తే ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూసింది. తప్పు తన కళ్ళదే అనుకుంది పాపం.

అప్పుడే ఈ చందమామని పుట్టించిన మనిషి ఎవరా అని చదవడం మొదలుపెట్టాను. తీరా చూస్తే, రేపల్లె నుంచి బాపట్ల కాలేజీకి వచ్చేటప్పుడు నేను రైలు మారే తెనాలే ఆయన ఊరు!

అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908లో తెనాలి ఐతానగర్‌లో, వ్యవసాయం చేసుకునే కుటుంబంలో పుట్టారు. స్వాతంత్ర్యోద్యమం రోజుల్లో బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది కానీ హిందీ నేర్చుకున్నారు. చక్రపాణి అన్న కలం పేరు కూడా హిందీ నేర్పిన గురువు పెట్టిందే.

1932లో క్షయ వచ్చింది. అప్పటికి ఆ జబ్బుకి మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టడానికి ఇంకా పదేళ్ళకు పైగా ఉంది. వైద్యం అంటే మంచి గాలి, తిండి, విశ్రాంతి. మదనపల్లె శానటోరియంలో చేరారు. బతుకుతామో లేదో తెలియని ఆ చోట, పాతికేళ్ళైనా నిండని ఆయన తోటి రోగి దగ్గర బెంగాలీ నేర్చుకున్నారు. మనం సెలవుల్లో ఒక కోర్సు మొదలుపెట్టి మూడో వీడియో దగ్గర వదిలేస్తాం. ఆయన మంచం మీద పడుకుని ఒక భాష నేర్చేసుకున్నారు.

బయటికొచ్చాక శరత్‌చంద్ర చటర్జీ నవలల్ని తెలుగు చేశారు. శరత్‌ని తెలుగు రచయితే అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారట. తెనాలివాడే అయిన కొడవటిగంటి కుటుంబరావుతో కలిసి ‘యువ’ పత్రిక నడిపారు. తర్వాత సినిమా రచన కోసం మద్రాసు చేరారు. 1945లో వచ్చిన ‘స్వర్గసీమ’ రచన ఆయనదే. అక్కడే బి. నాగిరెడ్డి స్నేహం కుదిరింది. పాతాళభైరవి, మిస్సమ్మ, మాయాబజార్, గుండమ్మ కథ తీసిన విజయా సంస్థ వాళ్ళిద్దరిదీ. ఆ సంగతులు మీకు తెలుసు కాబట్టి, నేను బొమ్మ దగ్గరే ఆగుతాను.

1947 జులైలో, స్వాతంత్ర్యానికి నెల ముందు, చందమామ తెలుగులోనూ తమిళంలో అంబులిమామ పేరుతోనూ మొదలైంది. ఆ తర్వాత కన్నడం, హిందీ, ఇంకా చాలా భాషల్లోకి వెళ్ళింది. 1952 నుంచి కుటుంబరావు అందులో పనిచేశారు. దాదాపు ప్రతి పేజీలోనూ బొమ్మ ఉండేది. చిత్రా, శంకర్, వపా లాంటివాళ్ళు వేసేవారు. భాష మారితే కథ అక్షరాలు మారేవి, బొమ్మ మాత్రం అదే. తెలుగులో రెండు లైన్లు పట్టిన మాట తమిళంలో మూడు పట్టొచ్చు. ఆ సర్దుబాటంతా అక్షరాలదే.

మనం ఎక్స్‌ఎంఎల్‌లో చేసేదీ ఇదే కదా! ఆ ఫైల్‌లో బొమ్మ ఉండదు. బొమ్మ ఎక్కడుందో చెప్పే చిరునామా, ఎంత వెడల్పులో పెట్టాలో చెప్పే అంకె, అంతే. అక్షరాలు వేరు, బొమ్మ వేరు.

ఆ రోజుల్లో లెటర్‌ప్రెస్‌లో బొమ్మ అచ్చేయాలంటే లోహపు బ్లాకు చేయించాలి. రంగుల ఛాయలున్న బొమ్మని గళ్ళ తెర గుండా ఫోటో తీసి చుక్కలుగా విడగొట్టేవారు. పేజీలో ఎంత చోటుందో ముందే కొలవాలి. బ్లాకు తయారయ్యాక సాగదీయడం కుదరదు. మంచి కాగితం మీద అంగుళానికి 150 వరుసల చుక్కలు వేస్తారు. ఒక్కో వరుసకి రెండేసి పిక్సెళ్ళు ఉండాలన్నది లెక్క. మనం కళ్ళు మూసుకుని చెప్పే 300 డీపీఐ అక్కణ్ణుంచే వచ్చింది.

ఇప్పుడు నా తప్పు చూడండి. మన పేజీలో బొమ్మకి 6 అంగుళాల చోటుంది. 300 చొప్పున 1800 పిక్సెళ్ళు కావాలి. నా వాట్సాప్ ఫోటోలో ఉన్నవి 720. అంటే అంగుళానికి 120 మాత్రమే. ఇంకో చిక్కు కూడా ఉంది. 1800 పిక్సెళ్ళ బొమ్మలోనే 72 డీపీఐ అని రాసి ఉంటే, కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని 25 అంగుళాలు చేసి పేజీ దాటించేస్తాయి. అందుకే వెడల్పు ఎప్పుడూ ఫైల్‌లో మనమే రాయాలి. అలాగని 72ని చెరిపి 300 అని రాస్తే పిక్సెళ్ళు కొత్తగా పుట్టవు. లేనిది లేనట్టే ఉంటుంది.

చక్రపాణి గారు 1975 సెప్టెంబరులో కన్నుమూశారు. మందు లేని రోజుల్లో జబ్బు పడి, ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా పనిచేశారు. ఆయన పోయాక కూడా చందమామ దశాబ్దాల పాటు వచ్చింది. ఇప్పుడు రావట్లేదు. అంటే మా అమ్మమ్మ పెట్టెలో ఉన్నలాంటి కాపీలే మిగిలాయి. వాటిని మనం ఎంత బాగా స్కాన్ చేస్తే మన తర్వాతవాళ్ళకి అంతే కనిపిస్తుంది. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు తెలుగు అక్షరాలు కూడబలుక్కునేలోపే కథ చెప్పేసినవి ఆ బొమ్మలే. వాటిని 720 పిక్సెళ్ళకి కుదించి వదిలేయడం నాకైతే సిగ్గనిపించింది.

పోయిన శనివారం రేపల్లె వెళ్ళి ఆ సంచిక తెచ్చాను. తెనాలిలో రైలు మారేటప్పుడు బ్యాగు నలగకుండా ఒళ్ళో పెట్టుకున్నాను. కాలేజీలో స్కానర్ మీద పెట్టి తీశాను. ఈ సంచికలో అదే అట్ట మళ్ళీ వేస్తున్నాం. కింద మూలన సంతకం చదవగలుగుతున్నారో లేదో చెప్పండి. అమ్మమ్మకి మాత్రం ఈసారి కళ్ళజోడు తుడుచుకునే పని పడలేదు.