ఇంజనీరింగ్ చదివి ఫోటోలు కడిగిన రాజా

ఛత్రినాకలో మా చిన్నాన్న ఫోటో స్టూడియో వెనక చిన్న డార్క్‌రూమ్ ఉంది. ఎర్ర బల్బు ఇంకా వేలాడుతోంది, కింద మాత్రం జిరాక్స్ పేపర్ కట్టలు. పోయినేడు నా ఫోన్ పాడై, తాతయ్యతో దిగిన చివరి బోనాల ఫోటోలన్నీ పోయాయి. బ్యాకప్ లేదు. సీఎస్ఈ స్టూడెంట్‌ని అని చెప్పుకోవడానికే సిగ్గేసింది. చిన్నాన్న ఆ గదంతా వెతికి, తాతయ్య పెళ్లినాటి నెగెటివ్ ఒకటి నా చేతిలో పెట్టాడు. అప్పుడే గోడ మీదున్న పాత ఫలక్‌నుమా ఫోటో చూపించి, ఇది తీసింది రాజా దీన్‌దయాళ్ అన్నాడు. ఎవరా అని వెతికాను.

ఫ్రెండ్స్, ఆయనా మనలాగే ఇంజనీరింగే! 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీ థామసన్ కాలేజీలో చదివి, ఇందోర్‌లో పీడబ్ల్యూడీ ఉద్యోగంలో చేరారు. 1874లో హాబీగా కెమెరా పట్టారు. చివరికి ఆ ఉద్యోగమే వదిలేశారు. 1880ల మధ్యలో మన దగ్గరికొచ్చి, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. రాజా బిరుదు ఇచ్చింది నిజామే. 1892లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం వేరే స్టూడియో కూడా తెరిచారు, అక్కడ ఫోటో తీసేదీ ఆడవాళ్లే.

అప్పట్లో పెద్ద ఫోటో కావాలంటే గాజు నెగెటివ్ కూడా అంత పెద్దదే ఉండాలి. కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెండి లవణం పట్టించిన కాగితం మీద ఆ గాజును ఆనించి ఎండలో పెట్టేవాళ్లు. బొమ్మ తేలాక బంగారు ద్రావణంలో ముంచి, హైపోలో కడిగేవాళ్లు. అన్‌డూ లేదు. ఎండ ఎక్కువైతే ఆ కాగితం పోయినట్టే. కానీ గాజు పగలనంత వరకు ఇంకో ప్రింట్ వేసుకోవచ్చు.

1905లో ఆయన పోయారు. తర్వాత స్టూడియోల వైభవమూ పోయింది. గాజు మిగిలింది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన నెగెటివ్‌లు 2,857 సేకరించింది. అప్పటి హైదరాబాద్‌ని ఇవాళ మనం చూస్తున్నామంటే వాటి పుణ్యమే.

తాతయ్య ఫోటోని మేం డార్క్‌రూమ్‌లో కడగలేదు. పేపర్ లేదు, కెమికల్స్ లేవు. స్కాన్ చేసి ప్రింట్ తీశాం. ఈసారి ఫైల్‌ని మూడు చోట్ల దాచుకున్నాను. చిన్నాన్న మాత్రం నెగెటివ్‌ని కవర్‌లో పెట్టి, మళ్లీ ఆ గదిలోనే, ఎప్పటి చోటే ఉంచాడు.