కళ్లు తెరిచేదాకా కనిపెట్టుకున్న మత్తు డాక్టరమ్మ

ఆపరేషన్ అనగానే మనలో చాలామందికి కత్తి కంటే మత్తంటేనే ఎక్కువ భయం. పడుకోబెట్టి మత్తిస్తారు సరే... మళ్లీ లేస్తానా? పెద్దమందడి నుంచి వనపర్తి ఆసుపత్రికి బయల్దేరిన తల్లి అయినా, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే అమ్మాయి అయినా లోలోపల అనుకునేది ఈ మాటే. నూట ముప్ఫై ఏళ్ల కిందట, పెద్దమందడి కూడా నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో, ఈ భయాన్ని పోగొట్టడమే పనిగా పెట్టుకున్న మహిళ ఒకరున్నారు. ఆవిడే డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా ఆవిడను చెప్పుకుంటారు.

పరదాల కాలంలో డాక్టరు చదువు

రూపాబాయిది హైదరాబాద్‌లోని పార్శీ కుటుంబం. ఆ రోజుల్లో ప్రాణం మీదికి వచ్చినా సరే, మగ డాక్టరుకు చెయ్యి చూపించని ఇళ్లు ఎన్నో! ఆడవాళ్లకు ఆడ డాక్టర్లే కావాలి. మరి చదువు చెప్పేదెవరు? 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూలు ఆడపిల్లలకు తలుపులు తెరిచింది. అక్కడి ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో చదువుకున్న సర్జన్. అలా తొలిసారి చేరిన ఐదుగురు అమ్మాయిల్లో రూపాబాయి ఒకరు. 1889లో ఆవిడ చదువు పూర్తిచేశారు. అప్పుడిచ్చిన పట్టాకు పేరు హకీం.

గుండా? ఊపిరా?

అప్పట్లో మత్తంటే క్లోరోఫాం. 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టరు దాన్ని వాడుకలోకి తెచ్చారు. నొప్పి తెలియకుండా ఆపరేషన్! అందరూ సంబరపడ్డారు. కానీ మరుసటి ఏడాదే ఇంగ్లాండులో కాలిగోరు తీయించుకోవడానికి వచ్చిన పదిహేనేళ్ల అమ్మాయి ఆ మత్తులోనే ప్రాణం విడిచింది. అక్కడినుంచి మొదలైంది పెద్ద వాదన. క్లోరోఫాం ముందుగా ఆపేది గుండెనా, ఊపిరినా? మత్తిచ్చేవాళ్లు నాడి పట్టుకు కూర్చోవాలా, ఊపిరిని గమనించాలా?

ఇది తేల్చడానికి 1888లో హైదరాబాద్‌లో క్లోరోఫాం కమిషన్ వేశారు. దాన్ని లండన్ పెద్దలు ఒప్పుకోలేదు. దాంతో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, 1889లో లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే నిపుణుణ్ణి పిలిపించారు. వందలాది జంతువుల మీద పరీక్షలు జరిగాయి. ఈ కమిషన్ల పనిలో రూపాబాయి కూడా పాలుపంచుకున్నారు.

వాళ్లు తేల్చింది ఏమిటంటే ముందు ఆగేది ఊపిరే. కాబట్టి మత్తిచ్చేవాళ్ల చూపు ఊపిరి మీదినుంచి తప్పుకోకూడదు. మెడ దగ్గర, ఛాతీ మీద, పొట్ట మీద బిగుతు బట్టలు ఉండకూడదు. ఊపిరి పీల్చడం కష్టమైతే అక్కడికక్కడే మత్తు ఆపాలి.

ఇందులో అంతా నిజమే అనుకోకండి. 1911లో లెవీ అనే ఇంగ్లాండు డాక్టరు క్లోరోఫాం గుండెను కూడా ఉన్నట్టుండి ఆపగలదని రుజువు చేశారు. ఇప్పుడు ఆ మందును మత్తుకు వాడటమే లేదు. అయినా ఊపిరి మీదినుంచి కన్ను తిప్పకూడదన్న పాఠం మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు.

చదువు ఆపలేదు

1889 నుంచి 1917 వరకు రూపాబాయి మత్తు డాక్టరుగానే పనిచేశారు. బ్రిటిష్ రెసిడెన్సీ ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, ఆ తర్వాత వచ్చిన విక్టోరియా జెనానా ఆసుపత్రి... ఇవన్నీ ఆవిడ సేవలందించినవే. ఈనాటిలా వేలికి క్లిప్పు లేదు, ఆక్సిజన్ ఎంతుందో చెప్పే తెర లేదు. కళ్లే యంత్రాలు, చెవులే మీటర్లు!

ఇరవై ఏళ్లు పనిచేశాక ఎవరైనా ఇక చాలనుకుంటారు. ఆవిడ 1909లో మళ్లీ పుస్తకం పట్టి ఎడిన్‌బరో వెళ్లారు. అప్పటికి మత్తు వైద్యానికి విడిగా చదువు లేదు. అందుకే మత్తుమందులు అర్థం కావడానికి పనికొచ్చే భౌతిక, రసాయన శాస్త్రాల్లో డిప్లొమా చేశారు. తిరిగొచ్చి, 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు.

ఇప్పుడు మనం చేయాల్సింది

మత్తివ్వడంతో పని అయిపోదు, తెలివి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండాలి. అందుకే ఆపరేషన్ అయ్యాక నేరుగా వార్డుకు తీసుకురాకుండా రికవరీ గదిలో ఉంచుతారు. ఎంతసేపటికీ బయటికి తీసుకురాలేదని కంగారు పడొద్దు. అక్కడ చూస్తున్నది ఊపిరి, నాడి, బీపీ.

తెలివి వచ్చాక వణుకు, వికారం, గొంతునొప్పి కొందరికి మామూలే. ఊపిరి కోసం గొంతులో గొట్టం పెట్టడం వల్లే ఆ గొంతు మంట. నాలుక తడారిందని డాక్టరు చెప్పకముందే నీళ్లు పట్టేయకండి. వాంతి వస్తే పక్కకు తిప్పి నర్సును పిలవండి. ముసలివాళ్లు కాసేపు అయోమయంగా మాట్లాడవచ్చు. పెదాలు నీలంగా మారినా, ఊపిరి బరువుగా గురక పెడుతున్నట్టున్నా, పిలిస్తే పలక్కపోయినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. అదేరోజు ఇంటికి పంపితే తోడుగా ఒకరు ఉండాలి. ఆ 24 గంటలు బండి నడపడం, కాగితాల మీద సంతకాలు పెట్టడం వద్దు. పొయ్యి దగ్గరికి కూడా వెళ్లనివ్వకండి.

ఆపరేషన్‌కు ముందు డాక్టరు దగ్గర ఏదీ దాచకండి. చాటుగా తాగిన టీ, ఉబ్బసం, వేసుకునే మాత్రలు, కదిలే పన్ను... అన్నీ చెప్పాలి. గోళ్ల రంగు తుడిచేసుకోండి. వేలికి పెట్టే క్లిప్పు సరిగా చూపించాలంటే గోరు శుభ్రంగా ఉండాలి మరి!

ఇంట్లో అమ్మకో, అత్తకో ఆపరేషన్ అయితే రెండోరోజే వంటింట్లోకి పంపే అలవాటు మనకుంది. రూపాబాయి ముప్ఫై ఏళ్లపాటు ముక్కూమొహం తెలియని ఆడవాళ్ల ఊపిరిని కనిపెట్టుకుని కూర్చున్నారు. మన ఇంటి మనిషి కోసం మనం నాలుగు రోజులు ఆ మాత్రం కూర్చోలేమా?